మిల్లు ఆగినా అద్దె ఆగదు

ప్రశ్న: మాస్టారూ, మాది మండపేట దగ్గర పల్లెటూరు. బీకాం అయ్యాక ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో అకౌంట్స్ చూస్తున్నాను, సీఎంఏ (కాస్ట్ అకౌంటెంట్ కోర్సు) ఇంటర్‌కి చదువుకుంటున్నాను. "నువ్వు చదివేదేదో మన మిల్లుకి కూడా వేసి చూపించమ్మా" అని మా షావుకారు గారు అడిగారు. అక్టోబరు నెలకి ఫిక్స్‌డ్ ఓవర్‌హెడ్ వేరియన్స్ (స్థిర ఖర్చుల్లో సరుకు మీద వేసినదానికీ, నిజంగా అయినదానికీ తేడా) వేస్తే 1,05,000 రూపాయలు ప్రతికూలం వచ్చింది. ఆయన మిల్లు అద్దె కాగితం, ఇన్సూరెన్స్ రసీదు, జీతాల రిజిస్టరు తెచ్చి నా టేబుల్ మీద పెట్టారు. "ఇవన్నీ ప్రతి నెలా ఇచ్చేవే కదా! మరి ఈ లక్షా అయిదు వేలు ఎవరు తిన్నారు?" అన్నారు. ఏం చెప్పాలో తెలియలేదు. రెండు రాత్రులు నిద్ర లేదు. పైగా "పోనీ, ఈ నెల బస్తాకి ఖర్చు పెంచి రాసెయ్, సరిపోతుంది" అంటున్నారు. అలా రాయొచ్చా? నా లెక్కలు, మిల్లు లాగ్ బుక్ కాపీ జత చేస్తున్నాను.
— ఒక పాఠకురాలు, మండపేట

జవాబు: అమ్మా, ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టండి. మీ లెక్క నేను రెండుసార్లు వేసి చూశాను, ఎక్కడా తప్పు లేదు. లక్షా అయిదు వేలు ఎవరూ తినలేదు కూడా. అందులో గల్లాపెట్టెలోంచి అనుకున్నదానికన్నా ఎక్కువగా వెళ్ళింది 15,000 మాత్రమే. మిగిలిన 90,000 వేరే జాతి అంకె. ఈ రెండిటినీ కలిపి ఒకే ముద్దగా షావుకారు గారి ముందు పెట్టారు, చిక్కంతా అక్కడే వచ్చింది.

మీ కాగితంలో ఉన్నవి మిగతా పాఠకుల కోసం చెబుతాను. మీ మిల్లుకి నెలకి స్థిర ఖర్చులు 4,80,000 అవుతాయని బడ్జెట్ వేసుకున్నారు. అద్దె, మేనేజరు జీతం, వాచ్‌మన్లు, ఇన్సూరెన్స్, యంత్రాల తరుగుదల, మిల్లు ఆడినా ఆడకపోయినా కట్టాల్సిన కరెంటు డిమాండ్ ఛార్జీ, అన్నీ అందులోనే. నెలకి 25 పనిదినాలు, రోజుకి 8 గంటలు, గంటకి 40 బస్తాల ధాన్యం. అంటే 200 గంటలు, 8,000 బస్తాలు. బస్తాకి 60 రూపాయలు, గంటకి 2,400 పడుతుంది. అక్టోబరులో జరిగింది వేరు: మిల్లు ఆడింది 23 రోజులు, 170 గంటలు, 6,500 బస్తాలు. అయిన ఖర్చు 4,95,000.

మీ షావుకారు గారికి అర్థం కావాలంటే నరసాపురం – సఖినేటిపల్లి రేవు గురించి చెప్పండి. పంటు (రేవు దాటించే పడవ) మీద ఆ వశిష్ఠ గోదావరి పాయ దాటని వాళ్ళు మన వైపు తక్కువ. రేవు పాట (వేలం) పాడుకున్నాయన ఏడాదికి ఇంత కడతానని ఒప్పుకుంటాడు. ఆ పాట సొమ్ము రోజుకి 3,000 పడుతుందనుకోండి. రోజుకి 300 మంది దాటుతారని లెక్క కట్టుకుంటే, మనిషి ఇచ్చే టిక్కెట్టులో 10 రూపాయలు పాట సొమ్ముకి పోవాలి. ఆగస్టులో వరదొచ్చి గోదారి ఎర్రగా పొంగింది. పంటు మధ్యాహ్నం దాకా ఆగిపోయింది, ఆ రోజు 200 మందే దాటారు. పాట సొమ్ముకి 2,000 వచ్చింది, 1,000 తగ్గింది. ఆ వెయ్యి దొంగతనం కాలేదు. పాట కూడా పెరగలేదు. మోయాల్సిన మనుషులు రాలేదు, అంతే.

మీ మిల్లులోనూ అదే. ఒక్కో బస్తా మీద 60 రూపాయల మిల్లు భారం ఎత్తిపెట్టాం. 8,000 బస్తాలు వస్తే 4,80,000 మోసుకుపోతాయి. 6,500 బస్తాలు వచ్చాయి, 3,90,000 మోశాయి. 90,000 మిల్లు అరుగు మీదే మిగిలిపోయింది. దీన్నే వాల్యూమ్ వేరియన్స్ అంటాం. 4,80,000 బడ్జెట్‌కి 4,95,000 ఖర్చయింది చూశారూ, ఆ 15,000 ఎక్స్‌పెండిచర్ వేరియన్స్. రెండూ కలిస్తే మీ 1,05,000. షావుకారు గారు అద్దె కాగితం పట్టుకుని వెతుకుతున్నారు, కానీ ఆ కాగితంలో దొరికేది 15,000 కథ మాత్రమే. 90,000 కథ లాగ్ బుక్‌లో ఉంది.

ఆ 15,000 సంగతి ముందు తేల్చేద్దాం. మీ లెడ్జరులో బాయిలర్ రిపేరుకి 9,000, రాత్రిపూట అదనంగా పెట్టిన వాచ్‌మన్‌కి 6,000 కనిపిస్తున్నాయి. బాయిలర్ రిపేరు చేయించింది మేనేజరు, వాచ్‌మన్‌ని పెట్టమన్నది షావుకారు గారే. ఖర్చు పెరగడం వెంటనే తప్పయిపోదు. వాన రోజుల్లో గోడౌన్ దగ్గర మనిషిని పెట్టడం మంచి పనే కావచ్చు. ఎవరి మాట మీద ఖర్చయిందో ఆ పేరు పక్కన రాయండి, చాలు.

ఇక లాగ్ బుక్. మీరు పంపిన కాపీ తెరవగానే నాకు సంతోషమేసింది. చేతిరాత గజిబిజిగా ఉన్నా, ఎప్పుడు ఆగింది, ఎందుకు ఆగింది, ఎప్పుడు మొదలైంది అన్నీ రాశారు. చాలా మిల్లుల్లో ఇది ఉండదు. ఆ పుస్తకం రాసే ఆపరేటర్‌కి నా తరఫున నమస్కారం చెప్పండి.

అందులో రెండు రోజులు మిల్లు పూర్తిగా ఆగింది: భారీ వాన, యార్డులో నీళ్ళు, లారీ లోపలికి రాలేదు. మిగిలిన 23 రోజులకి 184 గంటలు ఆడాలి, 170 ఆడింది. పోయిన 14 గంటల్లో 6 గంటలు ఎలివేటర్ బెల్టు తెగి పోయాయి, 8 గంటలు ధాన్యం లారీల కోసం ఎదురుచూడడంలో పోయాయి. ఆడిన 170 గంటల్లో గంటకి 40 చొప్పున 6,800 బస్తాలు రావాలి, 6,500 వచ్చాయి. అంటే 300 బస్తాల మేర మిల్లు నెమ్మదిగా ఆడింది.

దీన్ని మీ పుస్తకంలో సూత్రాల్లోకి మార్చే ముందు బస్తాల్లోకి మార్చండి. ఆగిన రెండు రోజులకి 640 బస్తాలు. పోయిన 14 గంటలకి 560. నెమ్మదించినందుకు 300. మొత్తం 1,500. 8,000 లోంచి 6,500 తీస్తే వచ్చేదీ అదే. ఇప్పుడు ఒక్కోదాన్నీ 60తో గుణించండి: 38,400, 33,600, 18,000. పుస్తకం వీటిని క్యాలెండర్ వేరియన్స్, కెపాసిటీ వేరియన్స్, ఎఫిషియెన్సీ వేరియన్స్ అంటుంది. కూడితే మన 90,000. మిల్లు యజమానికి రూపాయల్లో చెబితే దొంగ కోసం వెతుకుతాడు, బస్తాల్లో చెబితే లారీలకి ఫోన్ చేస్తాడు. ఇన్నేళ్ళ అనుభవంలో నేను చూసింది అదే.

ఇలా విడదీయడం మీద నేనెందుకింత పట్టుబడతానో చెప్పాలి. 1980ల చివర్లో, ఉద్యోగంలో చేరిన కొత్తలో, డెల్టాలోనే ఒక మిల్లులో ఇలాంటి రిపోర్టే ఇచ్చాను. వాల్యూమ్ వేరియన్స్ ప్రతికూలం అని ఒకే ఒక్క వరుస రాశాను. దాన్ని విడదీసే ఓపిక నాకు లేకపోయింది. యజమాని ఆ కాగితం చూసి "మిల్లు ఆడించేది ఎవడు?" అన్నారు, ఆపరేటర్ సంక్రాంతి బోనస్ ఆపేశారు. తర్వాత ఎప్పుడో జనరేటర్ డీజిల్ లెక్కలు చూస్తుంటే తెలిసింది, ఆ నెలలో మిల్లు ఆగిన గంటల్లో ముప్పాతిక భాగం కరెంటు కోత వల్లేనని. ఆ ఆపరేటర్ ఒక్క గంట కూడా వృథా చేయలేదు. నేను వెళ్ళి యజమానికి లెక్క చూపించి, బోనస్ ఇప్పించేసరికి ఉగాది దాటిపోయింది. పండక్కి పిల్లలకి బట్టలు కొనలేకపోయామని ఆయన భార్య నాతో అన్న మాట ఈనాటికీ నా చెవిలోనే ఉంది. ఆ తర్వాత ఏ మిల్లుకీ, ఏ ఫ్యాక్టరీకీ వాల్యూమ్ వేరియన్స్‌ని ఒకే అంకెగా ఇవ్వలేదు. మీరూ ఇవ్వకండి.

మీ లెక్కనే చూడండి. వాన మీద ఎవరికీ హక్కు లేదు, 640 బస్తాలకి ఎవర్నీ అడగక్కర్లేదు. బెల్టు తెగడం నిర్వహణ విషయం: ఆ బెల్టు ఎప్పుడు మార్చారు, స్పేర్ బెల్టు స్టోరులో ఉందా అని అడగాలి. లారీలు రాకపోవడం కొనుగోళ్ళు చూసే వాళ్ళ పని. ఆ 8 గంటలు ఆపరేటర్ ఖాతాలో పడకూడదు. ఇక నెమ్మదించిన 300 బస్తాలు. మొదట అందరూ ఆపరేటర్ వైపే చూస్తారు. మీరు మాత్రం షెల్లర్ (పొట్టు తీసే యంత్రం) దగ్గరికి వెళ్ళి రబ్బరు రోళ్ళు చూడండి. అవి అరిగిపోతే పొట్టు ఊడని ధాన్యం మళ్ళీ మళ్ళీ వెనక్కి తిరిగి వస్తుంది, అదే ధాన్యాన్ని రెండోసారి ఆడించాలి. ఉప్పుడు మిల్లు కాబట్టి డ్రయ్యర్ కూడా చూడండి. వాన రోజుల్లో గాలిలో తడి ఎక్కువ, ఉడికిన ధాన్యం ఆరడానికి సమయం పడుతుంది, షెల్లర్ ఖాళీగా తిరుగుతుంది. ఈ రెండూ సరిగ్గా ఉన్నాయని తేలాకే మనిషి పనితనం గురించి మాట్లాడాలి.

ఇంకో సంగతి, ఇది పరీక్ష పుస్తకాల్లో అంతగా నొక్కి చెప్పరు. 300 బస్తాలు వేగంగా ఆడేసి ఉంటే షావుకారు గారికి 18,000 మిగిలేదా? అద్దె తగ్గేది కాదు, మేనేజరు జీతం తగ్గేది కాదు. స్థిర ఖర్చుల్లో ఎఫిషియెన్సీ వేరియన్స్ అంటే చేతిలో ఉన్న మిల్లు సమయాన్ని ఎంత వాడుకోలేకపోయామో చెప్పే కొలత. కరెంటు యూనిట్లు లాంటి మారే ఖర్చుల్లో అయితే వేగం పెరిగితే నిజంగా కొంత మిగలొచ్చు. ఇక్కడ అలా కాదు.

మరి నిజమైన నష్టం ఎంత? దానికి ఒకే ప్రశ్న అడగాలి: గోడౌన్‌లో ధాన్యం ఉండి ఆడలేదా, ధాన్యమే లేక ఆడలేదా? మారే ఖర్చులన్నీ పోగా బస్తాకి 90 రూపాయలు మిగులుతుందనుకుందాం. ధాన్యం గోడౌన్‌లో ఉండి, కొనేవాళ్ళూ ఉండి, ఆ 1,500 బస్తాలు ఇక ఎప్పటికీ ఆడలేకపోతే పోయింది 1,35,000. మీ వేరియన్స్ చెప్పిన 90,000 కన్నా ఎక్కువ. అదే ధాన్యం నవంబరులో ఖాళీ గంటల్లో ఆడేస్తే, పోయింది దాదాపు ఏమీ లేదు. బస్తాకి 60 అనేది ఖర్చు పంచడానికి మనం పెట్టుకున్న రేటు. నష్టం కొలిచే కర్ర అది కాదు. షావుకారు గారు రిపోర్టు చూశాక అడగాల్సిన అసలు ప్రశ్న ఇదే, మీరే ముందు చెప్పేయండి.

ఇక "బస్తాకి ఖర్చు పెంచి రాసెయ్" అన్నారు. 4,95,000ని 6,500తో భాగిస్తే బస్తాకి 76 రూపాయల 15 పైసలు వస్తుంది. రాయొద్దు. ఎందుకో చెబుతాను. వాన పడి మిల్లు ఆగితే బియ్యం విలువ పెరుగుతుందా? ఆ రేటు పట్టుకుని అమ్మకం ధర పెంచితే కొనేవాళ్ళు పక్క మిల్లుకి వెళ్తారు, బస్తాలు ఇంకా తగ్గుతాయి, వచ్చే నెల రేటు ఇంకా పైకి పోతుంది. నిలవ ఉన్న సరుకు మీద వేస్తే మరీ తప్పు. నిలవ సరుకు విలువ ఎలా కట్టాలో చెప్పే అకౌంటింగ్ స్టాండర్డ్ 2 ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంది: ఉత్పత్తికి సంబంధించిన స్థిర ఖర్చుల్ని యంత్రాల సాధారణ సామర్థ్యాన్ని బట్టి సరుకుకి పంచాలి. ఉత్పత్తి తగ్గిందనో, ప్లాంటు ఖాళీగా ఉందనో ఒక్కో యూనిట్ మీద భారం పెంచకూడదు. మిగిలిపోయినది ఆ కాలపు ఖర్చుగానే లాభనష్టాల ఖాతాకి పోవాలి. కాబట్టి నిలవలో ఉన్న బస్తాకి 60 లెక్కే. అరుగు మీద మిగిలిన భారాన్ని బియ్యం గోనెల్లో దాచిపెట్టకూడదు.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. వాల్యూమ్ వేరియన్స్ అనుకూలంగా కనిపించాలని, అమ్మకం లేకపోయినా మిల్లు ఆడించే మేనేజర్లని చూశాను. కాగితం మీద అంకె అందంగా ఉంటుంది. గోడౌన్‌లో బియ్యానికి పురుగు పడుతుంది, బ్యాంకు వడ్డీ నడుస్తూనే ఉంటుంది. మీ షావుకారు గారికి ఈ వేరియన్స్ నేర్పిస్తే, ఈ జాగ్రత్త కూడా కలిపే నేర్పండి.

రేపు పొద్దున్న ఆయనకి ఒక్క పేజీ ఇవ్వండి. పైన 15,000, ఎవరి మాట మీద ఖర్చయిందో. కింద 1,500 బస్తాలు: వాన 640, బెల్టు 240, లారీలు 320, నెమ్మది 300. బస్తాల పక్కన రూపాయలు. దాని పక్కన లాగ్ బుక్ పెట్టండి. అద్దె కాగితం ఆయనకి తిరిగి ఇచ్చేయండి.

ప్రశ్న: అంబాజీపేట దగ్గర చిన్న కొబ్బరి పీచు యూనిట్ నడుపుతున్నాను. మా అకౌంటెంట్ గారు ప్రతి నెలా ఇచ్చే రిపోర్టులో వానాకాలం అంతా స్థిర ఖర్చుల వాల్యూమ్ వేరియన్స్ ప్రతికూలం, ఎండాకాలం అంతా అనుకూలం. నాలుగేళ్ళుగా ఇదే. ఈ కాగితం వల్ల నాకేం ఉపయోగం?
— ఒక పాఠకుడు, కోనసీమ

జవాబు: అలా ఇస్తే ఉపయోగం లేదండీ. వానాకాలం పీచు ఆరదు, ఎండల్లో ఆరుతుంది. ఈ సంగతి మీ యూనిట్లో కొబ్బరి డొక్కలు మోసే కుర్రాడికి కూడా తెలుసు. అది చెప్పడానికి రిపోర్టు అక్కర్లేదు.

లోపం ఎక్కడ ఉందంటే, మీ అకౌంటెంట్ గారు ఏడాది ఉత్పత్తిని 12తో భాగించేశారు. ఏడాదికి స్థిర ఖర్చు 12 లక్షలు, 24,000 కట్టల పీచు అనుకుందాం. కట్టకి 50 రూపాయలు, నెలకి 2,000 కట్టలు. ఏప్రిల్‌లో 3,000 కట్టలొస్తే 50,000 అనుకూలం, ఆగస్టులో 1,000 వస్తే 50,000 ప్రతికూలం. రెండూ వాతావరణ వార్తలే.

కట్టకి 50 అనే రేటు అలాగే ఉంచమనండి, అది ఏడాది మొత్తం మీద కట్టినది కాబట్టి మంచిదే. నెల లక్ష్యం మాత్రం మీ గత నాలుగేళ్ళ ఉత్పత్తి చూసి కాలాన్ని బట్టి పెట్టమనండి. ఏప్రిల్‌కి 2,900, ఆగస్టుకి 1,200 అని పెట్టుకున్నారనుకోండి. అప్పుడు ఏప్రిల్‌లో 5,000 అనుకూలం, ఆగస్టులో 10,000 ప్రతికూలం అని వస్తుంది. కాలం వల్ల ముందే తెలిసిన తేడా విడిగా ఒక వరుసలో ఉంటుంది, 12 నెలలకి అది సున్నా అవుతుంది. ఇప్పుడు ఆగస్టు 10,000 మీకు ఏదో చెబుతోంది: మామూలు వానాకాలం కన్నా కూడా 200 కట్టలు తగ్గాయి. ఎందుకు? డొక్కలు దొరకలేదా, మోటారు కాలిందా, మనుషులు వరినాట్లకి వెళ్ళిపోయారా? అది అడగొచ్చు.

సాధారణ సామర్థ్యం ఎలా కట్టాలో కాస్ట్ అకౌంటింగ్ స్టాండర్డ్ 2లో ఉంది. మీ అకౌంటెంట్ గారిని ఒకసారి చదవమనండి. యంత్రం మీద కంపెనీ వాళ్ళు రాసిన సామర్థ్యం అది కాదు. కొన్నేళ్ళ మీద, మామూలు పరిస్థితుల్లో, ముందే అనుకున్న రిపేరు రోజులు తీసేసి, సగటున ఎంత తీయగలమో అది. డెల్టాలో ఉన్నవాళ్ళకి ఇది మరీ ముఖ్యం. సార్వా, దాళ్వా పంటలు, వేసవిలో కాలువలు కట్టేసే రోజులు, తుఫాను నెలలు, వీటి మీదే మన పనులన్నీ నడుస్తాయి. సమానంగా ఉన్న 12 నెలలు మన దగ్గర ఎప్పుడూ లేవు.

ప్రశ్న: ఒక పుస్తకంలో క్యాలెండర్ వేరియన్స్ ఉంది, ఇంకో పుస్తకంలో లేదు. ఏది రాయాలి? మార్జినల్ కాస్టింగ్‌లో ఇవన్నీ ఉంటాయా?
— ఒక విద్యార్థి, తణుకు

జవాబు: ప్రశ్నలో పనిదినాలు బడ్జెట్‌వీ, నిజంగా ఆడినవీ రెండూ ఇస్తే క్యాలెండర్ విడిగా రాయండి. ఇవ్వకపోతే అది కెపాసిటీలోనే కలిసి ఉంటుంది. పైన మండపేట లెక్కలో 200 గంటలకి బదులు 170 ఆడింది కాబట్టి 30 గంటలు, గంటకి 2,400 చొప్పున 72,000 కెపాసిటీ. రోజులు తెలిస్తే అదే 38,400, 33,600గా విడిపోతుంది. రెండూ సరైనవే. కెపాసిటీని విడదీసినప్పుడు పోల్చాల్సింది 184 గంటలతో. 200తో పోల్చి మళ్ళీ క్యాలెండర్ కూడా రాస్తే రెండు రోజులు రెండుసార్లు లెక్కలోకి వస్తాయి. పేపర్లు దిద్దినప్పుడు ఎక్కువ మంది పిల్లలు మార్కులు పోగొట్టుకున్నది ఇక్కడే.

గుర్తుల గురించి భయపడకండి. బస్తాలు అనుకున్నదానికన్నా ఎక్కువ మోస్తే అనుకూలం, తక్కువ మోస్తే ప్రతికూలం. ఖర్చు అనుకున్నదానికన్నా ఎక్కువైతే ప్రతికూలం. సూత్రంలో ఏది ముందు, ఏది వెనక అని బట్టీ పట్టక్కర్లేదు.

మార్జినల్ కాస్టింగ్‌లో స్థిర ఖర్చుల్ని బస్తాల మీద ఎత్తిపెట్టం, నెల ఖర్చుగా ఒకేసారి రాసేస్తాం. మోసే బస్తాలే లేవు కాబట్టి మిగిలిపోయే భారమూ లేదు. వాల్యూమ్, కెపాసిటీ, ఎఫిషియెన్సీ ఏవీ రావు. ఎక్స్‌పెండిచర్ వేరియన్స్ ఒక్కటే ఉంటుంది. మండపేట అమ్మాయి లెక్కలో అది 15,000.